కొండలెక్కువారి వార్షిక మహాసభ

పర్వతారోహణ మనగానే మన మనస్సునకు తోచు దృశ్యము వేరు. తెల్లని మంచు శిఖరము, నడుమునకు కట్టిన త్రాడు, చేత మంచుగొడ్డలి, అడుగు తప్పినచో నోరు తెరచుకొని యున్న లోయ. ఒక పెద్ద గది, అందు వరుసగా వేసిన కుర్చీలు, బల్లమీద లెక్కల పుస్తకము, గత సంవత్సరపు తీర్మానములను చదువుచున్న కార్యదర్శి, వెనుక వరుసలో కునుకుచున్న ఒక ముసలి సభ్యుడు - ఈ దృశ్యము ఎవరికిని తోచదు. కాని, విద్యార్థులారా, ఐరోపాఖండపు ఆల్ప్సు పర్వతములలో ఈ రెండవ దృశ్యము లేనిదే మొదటిది లేదని చెప్పవచ్చును. అలసిన బాటసారికి రాత్రి తలదాచుకొను కొండ సత్రము, దారి తప్పకుండునట్లు బండలపై పూసిన రంగు గుర్తులు, లోయలను దాటించు చిన్న వంతెనలు - ఇవి యన్నియు ఒకప్పుడు ఏదో యొక సభలో పలువురు చేతులెత్తి నిశ్చయించినవే.

ఆ సభనే వార్షిక సర్వసభ్య సమావేశ మందురు. అది యెట్లు జరుగును, అందు ఏమేమి నిర్ణయింపబడును, అందు మంచియెంత, చెడుగెంత జరిగినది అను విషయములను ఈ వ్యాసమున వివరింతును. కొండలు లేని ఊరివారికి ఈ గొడవ యెందుకని తలంపవలదు. చివరకు చదివినచో ఇది మన ఊరి విషయమే యని మీకే తెలియగలదు.

సంఘములు పుట్టిన విధము

పర్వతారోహకుల సంఘములలో మొట్టమొదటిది ఆల్ప్సు పర్వతములు గల దేశమున పుట్టలేదు. అది 1857వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన లండను నగరమున ఒక హోటలులో స్థాపింపబడినది. దానికి ఆల్పైన్ క్లబ్ అని పేరు. జాన్ బాల్ అను నతడు దాని ప్రథమాధ్యక్షుడు. తరువాత 1862లో వియెన్నా నగరమున ఆస్ట్రియనుల సంఘమును, 1863లో స్విట్జర్లాండులో ఓల్టెన్ అను పట్టణమున స్విస్ సంఘమును, అదే సంవత్సరము ఇటలీలో ట్యూరిన్ నగరమున ఇటాలియనుల సంఘమును, 1869లో మ్యూనిక్ నగరమున జర్మను సంఘమును ఏర్పడినవి. జర్మను, ఆస్ట్రియను సంఘములు 1873లో ఏకమగుటకు నిశ్చయించుకొని, జర్మన్-ఆస్ట్రియన్ ఆల్పైన్ సంఘమను పేర చాలకాలము ఒక్కటిగా నడచినవి.

ఈ సంఘములకు వెనుక నున్న వారందరును ధనవంతులు గారు. జర్మను సంఘ స్థాపకులలో ఫ్రాంజ్ సెన్ అను నతడు ఆస్ట్రియాలోని ఒక మారుమూల కొండపల్లెలో క్రైస్తవ పురోహితుడు. తన పల్లెలోని పేదలకు ఏదేని జీవనోపాధి కల్పింపవలెనని ఆతడు బాటలు వేయించెను. కొండ దారి చూపు మార్గదర్శకులకు శిక్షణ నిప్పించెను. యాత్రికులకు తన యింటనే విడిది యిచ్చెను. ఒక్కని చేతిలోని కాసులతో ఇంత పని సాగదని, పదిమంది చందాలు కూడిననే సాగునని ఆతడు గ్రహించెను. సంఘమనగా నిదియే. ఒక్కని వలన కాని పనిని పలువురు కలసి చేయుటకై ఏర్పరచుకొన్న కట్టుబాటు.

కొండలలో ప్రమాదములును సంఘముల యావశ్యకతను తెలిపినవి. 1865వ సంవత్సరము జూలై 14వ తేదీన మాటర్‌హార్న్ శిఖరమును ఏడుగురు మొట్టమొదటిసారిగా ఎక్కిరి. దిగునపుడు ఒకడు జారగా, త్రాడు తెగి, నలుగురు మరణించిరి. త్రాడెట్టిది, దానిని ఎవరు కట్టిరి అను చర్చ యేండ్ల తరబడి సాగినది. 1896లో వియెన్నా చెంత నున్న రాక్స్ కొండపై మంచు విరిగిపడి ముగ్గురు మరణించిన పిమ్మట, కొండ ప్రమాదములలో చిక్కిన వారిని రక్షించుటకు వియెన్నాలో ఒక ప్రత్యేక సమితి ఏర్పడినది. దుఃఖము కలిగినపుడు కన్నీరు కార్చుట యెల్లరకును సహజము. ఆ దుఃఖము మరల కలుగకుండ ఒక ఏర్పాటు చేయుట మాత్రము కూడి ఆలోచించువారికే సాధ్యము.

సభ జరుగు తీరు

ఇప్పుడు జర్మను దేశమునందలి ఒక పట్టణ శాఖ వారి వార్షిక సభకు మనము పోయినట్లు భావింతము. ఆ దేశపు సంఘమునకు మూడు వందలకు పైగా శాఖలును, పది లక్షలకు మించిన సభ్యులును కలరు. ప్రతి శాఖయు తన సభ్యులతో ఏటేట సభ జరుపుకొనును. శాఖల ప్రతినిధులందరును కూడి జరుపు మహాసభ వేరుగా నుండును. అందు ప్రతి శాఖకును దాని సభ్యసంఖ్యను బట్టి ఓట్లుండును.

సభకు ముందుగా ప్రతి సభ్యునకును ఆహ్వానము అందవలెను. తేదీ, స్థలము, చర్చింపబడు విషయముల పట్టిక అందుండవలెను. ఇది మర్యాదకొరకు వ్రాయు శుభలేఖ వంటిది కాదు, నియమము. నియమావళిని మార్చుటవంటి పెద్ద విషయమును పట్టికలో చేర్పక, ఆకస్మికముగా సభలో లేవనెత్తి ఆమోదింపజేయుట చెల్లదు. ఏల? ఇంటివద్ద నున్నవాడు “ఈ విషయము వచ్చునని తెలిసియుండిన నేనును పోయియుందును గదా!” యని వగచు నవసరము రాకూడదు.

అధ్యక్షుడు సభను ప్రారంభించి స్వాగతము పలికిన పిదప, ఆ యేట మరణించిన సభ్యుల పేర్లు చదువుదురు. అందరును లేచి మౌనముగా నిలుతురు. వారిలో కొండమీద మరణించినవారును ఉండవచ్చును. తొంబది యేండ్లు బ్రతికి మంచముమీద మరణించినవారును ఉండవచ్చును. చందా కట్టిన ప్రతివాని పేరును అక్కడ సమానమే. ఆ పిమ్మట ఇరువదియైదు, నలుబది, ఏబది సంవత్సరములు సభ్యులుగా నున్న వారిని పిలిచి, ఎడెల్వైస్ పువ్వు చిహ్నముగల బిళ్లను బహూకరింతురు. ఎడెల్వైస్ అనునది ఎత్తైన కొండలలో పూయు తెల్లని చిన్నపువ్వు. ఆ సంఘపు గుర్తు.

తరువాత అధ్యక్షుని నివేదిక. ఎన్ని యాత్రలు జరిగినవి, క్రొత్త సభ్యులెందరు చేరిరి, పిల్లలకు శిక్షణ యెట్లు సాగినది, సత్రపు కప్పు ఏ స్థితిలో నున్నది - ఇట్టివి. తరువాత కోశాధికారి లెక్కలు చదువును. యువకులకు ఇది విసుగు పుట్టించు ఘట్టము. కాని సభకు ప్రాణమిదియే. కోశాధికారి చదివిన లెక్కలను, ఆతనితో సంబంధము లేని తనిఖీదారులు ముందే పరీక్షించి, సరిగా నున్నవో లేవో సభలో చెప్పుదురు. వారు చెప్పిన మీదట, కార్యవర్గమును గడచిన సంవత్సరపు బాధ్యతనుండి విడుదల చేయవచ్చునా యని సభ్యులను అడుగుదురు. సభ్యులు చేతులెత్తి సమ్మతించిననే కార్యవర్గమునకు ఆ యేటి భారము తీరును. ఎంత గొప్ప పర్వతారోహకుడైనను, ఎంత వృద్ధుడైనను, ఆ క్షణమున చందాదారుల యెదుట నిలిచి వారి సమ్మతికి ఎదురుచూడవలసినదే. పదవి యనునది అప్పుగా తెచ్చుకొన్న వస్తువు. దానిని ఏటేట చూపి మరల పొందవలెను.

ఆ పైన ఎన్నికలు, రాబోవు సంవత్సరపు ఆదాయవ్యయ పట్టిక, చందా పెంపు. చందా పెంపు వద్ద సభ మేలుకొనును! అంతవరకు కునుకుచున్న వారును లేచి ప్రశ్నింతురు. సత్రమునకు నీరు చాలకున్నది, మురుగు నీటిని శుద్ధిచేయు యంత్రము కావలెను, సామాను పైకి చేర్చుటకు వ్యయమధికము అని కార్యవర్గము వారు చెప్పుదురు. పెద్ద కుటుంబముల వారికి భారమగునని మరియొకరు చెప్పుదురు. వాదములు విని సవరణ చేసి తుదకు ఓటు తీసికొందురు. ఓడినవారును మరునాడు ఆ క్రొత్త చందానే కట్టుదురు. సభాధర్మమున ఇది మిక్కిలి కఠినమైన పాఠము: మాటాడుటకు అందరకును హక్కు, నిర్ణయమైన పిదప అందరకును కట్టుబాటు.

సభలు చేసిన మేలు

ఇట్టి సభల నిర్ణయముల వలన శాస్త్రమునకు సైతము మేలు కలిగినది. ఆల్ప్సు పర్వతములలో హిమానీనదములు కలవు. ఇవి మంచు గడ్డకట్టి, కంటికి కనబడనంత మెల్లగా క్రిందికి జారు నదులు. వీటి కొనలు ఏటేట ఎంత ముందునకు వచ్చినవో, ఎంత వెనుకకు తగ్గినవో 1891 నుండి ఈ సంఘమువారు కొలిపించుచు వచ్చిరి. స్వచ్ఛందముగా పనిచేయు సభ్యులు ఏటేట ఒక్కచోటికే పోయి, బండపై గుర్తుంచిన స్థలమునుండి మంచు అంచు వరకు కొలుతురు. ఆస్ట్రియను సంఘమువారు ఆ కొలతలను నేటికిని ఏటేట ప్రకటించుచున్నారు. భూమి వేడెక్కుచున్నదనుటకు ఇట్టి దీర్ఘకాలపు కొలతలు గట్టి సాక్ష్యములు.

అంతకంటె చిత్రమైనది మరియొకటి. కొండలపై బాటలు వేయుటకును సత్రములు కట్టుటకును పుట్టిన జర్మను సంఘమే, 1977లో, ఇక కట్టడములు చాలును, కొండలను కొండలుగా మిగిల్పవలెను అను ఆశయమును తన మూల కార్యక్రమమున చేర్చుకొన్నది. తాను ఏ పనికై పుట్టినదో ఆ పనికి తానే హద్దు గీచుకొనుట సామాన్యము కాదు. 2021లో జరిగిన మహాసభలో, 2030 నాటికి తమ కార్యకలాపముల వలన వాతావరణమునకు హాని కలుగకుండునట్లు చేయవలెనని తీర్మానించుకొనిరి.

సభలు చేసిన కీడు

ఇంతవరకు మేలు చెప్పితిని. కీడును చెప్పనిచో వ్యాసము అసత్యమగును.

మొదట స్త్రీల మాట. లూసీ వాకర్ అను ఆంగ్ల స్త్రీ 1871లోనే మాటర్‌హార్న్ శిఖరము నెక్కినది. అయినను లండను సంఘమువారు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదు. 1907లో స్విస్ సంఘమువారు స్త్రీలకు తమ సంఘమున చోటులేదని నిర్ణయించిరి. స్త్రీలు ఊరకుండలేదు. ఇంగ్లండులో 1907లోను, స్విట్జర్లాండులో 1918లోను తమ సంఘములను తామే స్థాపించుకొనిరి. లండను సంఘము 1974లో స్త్రీలకు తలుపు తెరచినది. స్విస్ సంఘములు రెండును 1980లో ఒక్కటైనవి. అనగా కొండ యెక్కుటకు పట్టిన కాలముకంటె సభలోనికి అడుగిడుటకు శతాబ్ద మధికముగా పట్టినది! 1975లో జపాను దేశీయురాలు జుంకో తాబె ఎవరెస్టు నెక్కిన ప్రథమ స్త్రీ యైనది. 2014 మే 25వ తేదీన మన తెలుగు బాలిక మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లైనను నిండక పూర్వమే ఆ శిఖరముపై నిలిచినది. బాలికలారా, ఈ తేదీలను ఒక వరుసన వ్రాసి చూచుకొనుడు.

రెండవది యింతకంటె బాధాకరము. మొదటి ప్రపంచ యుద్ధానంతరము వియెన్నాలో యూదులపై ద్వేషము ప్రబలెను. జర్మన్-ఆస్ట్రియన్ సంఘమునందలి ‘ఆస్ట్రియా’ శాఖకు 1921లో ఎడ్వర్డ్ పిహ్ల్ అను నతడు అధ్యక్షుడై, యూదులు సభ్యులుగా నుండరాదను నిబంధనను చేర్పించెను. వెలివేయబడిన యూదులును, ఆ యన్యాయమును సహింపని ఇతరులును కలసి అదే సంవత్సరము ‘డోనావులాండ్’ అను క్రొత్త శాఖను స్థాపించుకొనిరి. అటుపిమ్మట లోకప్రసిద్ధుడైన మనశ్శాస్త్రవేత్త విక్టర్ ఫ్రాంకల్ సైతము ఈ డోనావులాండ్ వారితో కొండలెక్కినవాడే. ఆ శాఖయు ఉండరాదని ద్వేషించువారు పట్టుబట్టిరి. దానిని తొలగింపనిచో తామే సంఘమును వీడిపోవుదుమని పలు ఆస్ట్రియను శాఖలవారు బెదరించిరి.

1924 డిసెంబరు 14వ తేదీన మ్యూనిక్ నగరమున ప్రత్యేక మహాసభ జరిగెను. అన్నియు నియమానుసారముగానే జరిగినవి. విషయము చర్చకు వచ్చెను, ఓట్లు లెక్కింపబడెను. డోనావులాండ్ శాఖను తొలగింపవలెనని 1663 ఓట్లు, కూడదని 190 ఓట్లు వచ్చినవి. ఒక్క పూటలో, ఏ నేరమును చేయని ఒక శాఖ వెలియైనది. తరువాత కొన్ని కొండ సత్రముల వద్ద యూదులకును డోనావులాండ్ సభ్యులకును ప్రవేశము లేదని పలకలు వ్రేలాడినవి. మంచులో నడచి వచ్చినవానికి తలుపు మూయుట యనిన ఏమో కొండవారికి వేరుగా చెప్పవలెనా?

వెలియైనవారు చెదరిపోలేదు. వారు స్వతంత్ర సంఘముగా ఏర్పడిరి. వారి పక్షము వహించిన బెర్లిన్ నగరవాసులు మరియొక సంఘమును స్థాపించి, జిల్లెర్తాల్ కొండలలో దాదాపు 2500 మీటర్ల ఎత్తున ఫ్రీజెన్‌బెర్గ్‌హౌస్ అను సత్రమును కట్టిరి. పిమ్మట నాజీల పాలనలో ఈ సంఘములు రద్దయినవి, వారి సభ్యులలో పెక్కుమంది దేశము విడిచిరి, పెక్కుమంది హతులైరి. ఆ సత్రము నేటికిని నిలిచియున్నది. 2003 నుండి అది ద్వేషమునకును అసహనమునకును వ్యతిరేకముగా యువజనులు కలసికొను స్థలముగా నడచుచున్నది. తమ పూర్వులు ఓటువేసి చేసిన తప్పును నేటి సంఘమువారు దాచక తామే చెప్పుకొనుచున్నారు. అదియు ఒక శిఖరారోహణమే.

నాడు కూడదన్న ఆ 190 ఓట్లను గురించి ఆలోచింపుడు. “ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి” అని మనము పరిహాసము చేయుదుము. కాని ఒక్కొక్కప్పుడు ఉలిపికట్టె దారియే సరియైన దారి. వారోడిరి, అయినను వారి సంఖ్య తీర్మానముల పుస్తకమున నిలిచినది. అందరును అట్టివారు కారని నేడు మనకు సాక్ష్యము చెప్పునది ఆ సంఖ్యయే.

మనకు ఇందలి పాఠము

పిల్లలారా, తల్లిదండ్రులారా! మనము అన్యభాషా ప్రాంతమున తెలుగు చదువుకొనుచున్నవారము. ఎక్కడ ఓట్లు లెక్కించినను మన సంఖ్య తక్కువ. కావున సభ యనునది మనకు ఇతరులకంటె ఎక్కువగా తెలిసియుండవలెను.

నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు, మా వసతిగృహమున దూరప్రాంతములనుండి వచ్చినవారము పదునొకండుగుర ముంటిమి. పండుగ సెలవులలో మూడు దినములు వంటశాలను మాకొరకు తెరచి యుంచవలెనని మాలో ఒకరు వార్షిక సభలో ప్రతిపాదించిరి. ప్రతిపాదన అయిదు ఓట్ల తేడాతో వీగిపోయినది. విచారింపగా, మా పదునొకండుగురిలో ఏడుగురు ఆ సాయంకాలము సినిమాకు పోయిరని తేలెను. ఆ ఏడుగురిలో నేనును ఒకడను. మూడు దినములు మరమరాలును అరటిపండ్లును తినుచు, ఎవరిని నిందింపవలెనో తెలియక, ఒకరి మొగము నొకరము చూచుకొంటిమి. నాటినుండి నేను ఏ సభకును రాకుండుట లేదు.

అయితే హాజరగుట యొక్కటియే చాలునా? చాలదు. 1924లో ఆ 190 ఓట్ల వారును హాజరైనవారే. అందుచేతనే కొన్ని హక్కులను సామాన్యమైన ఓట్ల లెక్కకు అందనంత ఎత్తున నుంచవలెను. మన రాజ్యాంగమునందలి 29, 30 అధికరణములు అల్పసంఖ్యాకులకు తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనుటకును, విద్యాసంస్థలను నెలకొల్పి నడుపుకొనుటకును హక్కు నిచ్చినవి. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలిగించు వసతులకై రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఇవి కొండదారిలో బండకు దిగగొట్టిన ఇనుప మేకులవంటివి. కాలు జారినపుడు పట్టుకొనుటకు అవి యుండును. కాని మేకును పట్టుకొనవలసినది మన చేయియే.

మన పాఠశాల తల్లిదండ్రుల సంఘపు వార్షిక సమావేశమునకు ఆహ్వానము మీ యింటికి వచ్చినపుడు దానిని పప్పు డబ్బాక్రింద పరువక, విషయముల పట్టికను చదువుడు. తల్లులు తప్పక రండు. స్విస్ స్త్రీలకు డెబ్బది యేండ్లు పట్టిన ఆ కుర్చీ మీకు ఈనాడే సిద్ధముగ నున్నది. లెక్కలు చదువునపుడు కునుకక వినుడు. సందేహమున్న అడుగుడు. తెలుగు తరగతికి ఉపాధ్యాయుడు కావలెననినను, గ్రంథాలయమునకు తెలుగు పుస్తకములు కావలెననినను, అడుగువాడు ఆ గదిలో నుండవలెను.

విద్యార్థులారా, మీ తరగతి సాహిత్య సమితికి సభ జరుపునపుడు ముందుగా విషయములు తెలుపుడు, లెక్కలు చూపుడు, తక్కువ సంఖ్యలో నున్నవాని మాట ముందు వినుడు. మనము ఒకచోట తక్కువవారము. మరియొకచోట, మన తరగతిలోనే, ఎక్కువవారము కావచ్చును. అప్పుడు మన తలుపు ఎవరికి మూయబడుచున్నదో చూచుకొనుట మన విధి.